పాత షాట్‌గన్‌కి దాని కాలపు బట్ ప్లేటు: అచ్చు తీయడం నుంచి బిగించేదాకా

ఎవరైనా పాత రెండు గొట్టాల తుపాకీ చేతికిస్తే అందరూ ముందు గొట్టాల్లోకి తొంగి చూస్తారు. నేను తిప్పి మడమ చూస్తాను. వందేళ్లు మూలన నిలబెట్టిన తుపాకీ బరువంతా ఆ చిన్న పలక మీదే పడుతుంది కాబట్టి దాని చరిత్ర అక్కడే ఎక్కువ కనిపిస్తుంది. మూల విరిగి ఉంటుంది, మర దగ్గర పగులు ఉంటుంది, లేదంటే అసలు పలక పోయి దాని చోట ఏదో ఎర్ర రబ్బరు ముక్క ఉంటుంది.

ముందు ఒక మాట సరిచూసుకుందాం. మనం తెలుగులో భుజానికి ఆనే చివర మొత్తాన్నీ తుపాకీ మడమ అంటాం. ఇంగ్లిష్ వాళ్లు దాని పై మూలని మాత్రమే మడమ అంటారు, కింది మూల వాళ్లకి కాలి బొటనవేలు. తికమక పడకుండా ఇక్కడ పై మూలని హీల్ అని, కింది మూలని టో అని రాస్తాను. ఈ రెండింటి మధ్య చెక్కని కప్పే పలకే బట్ ప్లేటు.

నేను అమెరికాలో ఉంటూ పాత అమెరికన్ డబుల్ బ్యారెల్స్ బాగుచేసుకుంటాను. కనెక్టికట్‌లోని మెరిడెన్‌లో తయారైన పార్కర్ బ్రదర్స్, న్యూయార్క్ రాష్ట్రంలోని ఫుల్టన్‌లో హంటర్ ఆర్మ్స్ వాళ్లు చేసిన ఎల్.సి. స్మిత్, ఫిలడెల్ఫియాలో పుట్టిన ఎ.హెచ్. ఫాక్స్ లాంటివి. వీటిలో చాలావాటికి ఉండేది హార్డ్ రబ్బర్ పలక. పార్కర్ పలక మీద ఉండే వేటకుక్క తల బొమ్మ సేకరణకర్తలకి బాగా పరిచయం. అందుకని ఈ వ్యాసంలో ఎక్కువ భాగం ఆ హార్డ్ రబ్బర్ పలకకి నకలు చేయడం గురించే. ఇత్తడి, కొమ్ము పలకల గురించి చివర్లో కొంచెం చెబుతాను.

పనికి దిగేముందు

నా దగ్గర నియమం ఒక్కటే ఉంది: పలకని చెక్కకి సరిపెట్టాలి, చెక్కని పలకకి సరిపెట్టకూడదు. కొత్త పలక పెద్దదైతే దాన్ని అరగదీయవచ్చు, చిన్నదైతే ఇంకొకటి పోసుకోవచ్చు. చెక్క ఒక మిల్లీమీటరు పోతే మాత్రం తిరిగి రాదు. బజారులో దొరికే రెడీమేడ్ నకలు కొని, అది కూర్చోవడం లేదని పాత వాల్‌నట్ చెక్కని గీకేసిన తుపాకీలు ఎన్ని చూశానో.

తుపాకీ ఖాళీగా ఉందో లేదో మీరే తెరిచి చూడండి. "అది ఎప్పుడో ఖాళీ చేశాం" అన్న మాట నమ్మొద్దు. తర్వాత గొట్టాలు విడదీసి పక్కన పెట్టేసి, చెక్క భాగంతోనే పని చేయండి.

చట్టం సంగతి కూడా తెలిసి ఉండాలి. అమెరికా ఫెడరల్ చట్టంలో 1898లో గానీ అంతకు ముందు గానీ తయారైనవి పురాతన ఆయుధాల లెక్కలోకి వస్తాయి, ఆపైన రాష్ట్రాల నిబంధనలు వేరే ఉంటాయి. భారతదేశంలో పరిస్థితి వేరు. 1959 ఆయుధాల చట్టం ప్రకారం తుపాకీ ఉంచుకోవడానికే కాదు, రిపేరు చేసే వ్యాపారానికీ లైసెన్సు కావాలి. ఊళ్లో తాతగారి లైసెన్సు తుపాకీ ఉంటే దాన్ని వడ్రంగి దగ్గరో పోత పోసేవాడి దగ్గరో వదిలి రాకండి. లైసెన్సున్న రిపేరు దుకాణంలో పలక ఒక్కటీ విప్పించుకుని, దాంతో మిగతా పని చేసుకుని, మళ్లీ అక్కడే బిగించుకోవడం మంచిది.

ఏ కాలానికి ఏ పలక

కాలం తప్పితే ఎంత నునుపుగా చేసినా అది అతుకే. చెకుముకి తుపాకులు, ఆ తర్వాత మందు పెట్టిన చిన్న లోహపు టోపీతో పేలే టోపీ తుపాకుల కాలంలో పలక ఇనుముదో ఇత్తడిదో. హీల్ దగ్గర నుంచి చెక్క పైకి ఒక నాలుకలా పాకి ఉంటుంది. వెనక నుంచి తూటా పెట్టే తుపాకులు వచ్చాక మంచి ఇంగ్లిష్ తుపాకులకి చాలాసార్లు పలకే ఉండదు, చెక్క మీదే సన్నటి గళ్లు చెక్కి వదిలేశారు. కొన్నిటికి కొమ్ము పలక, కొన్నిటికి హీల్ దగ్గర, టో దగ్గర చిన్న లోహపు ముక్కలు. అమెరికాలో ఖరీదైన గ్రేడ్లకి చుట్టూ ఉక్కు చట్రం ఉండి మధ్యలో గళ్లు చెక్కిన చెక్క కనిపించే పలక వచ్చేది, మామూలు గ్రేడ్లకి హార్డ్ రబ్బర్. అందుకే మామూలు గ్రేడు తుపాకీకి ఉక్కు చట్రం తగిలించడం పంచెకట్టు మీద టై కట్టినట్టు ఉంటుంది.

ఈ హార్డ్ రబ్బర్‌నే ఎబొనైట్ అంటారు. రబ్బరుని గంధకంతో ఉడికించే పద్ధతికి చార్లెస్ గుడ్‌ఇయర్ 1844లో పేటెంట్ తీసుకున్నాడు. గంధకం పాలు బాగా పెంచితే రబ్బరు గట్టి నల్ల పలకలా మారుతుంది, దాని పేటెంట్ 1851లో అతని తమ్ముడు నెల్సన్ పేరు మీద వచ్చింది. పాత అమ్మకాల ప్రకటనల్లో దీన్ని గట్టా పెర్చా అని రాస్తుంటారు, అది వేరే చెట్టు పాలు. మనవాళ్లకి ఎబొనైట్ కొత్తేమీ కాదు. రాజమండ్రి రత్నం పెన్ను చేతిలో పట్టుకున్నవాళ్లు దాన్ని ముట్టుకున్నట్టే.

మీ చేతిలో ఉన్న ముక్క ఎబొనైటో కాదో తెలియాలంటే వెనక వైపు బొటనవేలితో వేడెక్కేదాకా రుద్ది వాసన చూడండి. అగ్గిపుల్ల వాసన, అంటే గంధకం వస్తే ఎబొనైట్. ఆస్పత్రి మందుల్లాంటి ఘాటు వస్తే బేకలైట్ అనే తొలినాటి ప్లాస్టిక్ అయి ఉండొచ్చు. బేకలైట్ పుట్టిందే 1907లో కాబట్టి 1890ల తుపాకీ మీద అది కనిపిస్తే ఎవరో తర్వాత మార్చారని అర్థం.

మరలు కూడా కాలం చెబుతాయి. ప్లస్ గుర్తు గాడి ఉన్న ఫిలిప్స్ మరలు 1930ల సరుకు. పాత తుపాకీకి ఒకే గాడి ఉన్న మర ఉండాలి. ఇంకా వెనక్కి వెళ్తే, 1840ల మధ్యకి ముందు చెక్క మరలకి మొన ఉండేది కాదు, చివర మొండిగా ఉండేది.

పలక విప్పడం

ఇక్కడే ఎక్కువమంది పాడుచేస్తారు. గాడిలో వదులుగా తిరిగే స్క్రూడ్రైవర్ పెడితే జారి పలక మీద గీత పడుతుంది. గాడి వెడల్పుకీ మందానికీ సరిగ్గా సరిపోయేలా స్క్రూడ్రైవర్ మొనని ఆకురాయితో రుద్దుకోండి. మొండికేసిన మరకి చిన్న సుత్తితో స్క్రూడ్రైవర్ పిడి మీద రెండు మూడు మెత్తని దెబ్బలు వేసి, ముందు బిగించే వైపు వెంట్రుకంత తిప్పి, అప్పుడు విప్పండి. తుప్పు వదలడానికి నూనె పోయొద్దు, అది చెక్క చివరి నారల్లోకి దిగి నల్లగా మారుతుంది. మరని సోల్డరింగ్ ఐరన్‌తో వేడిచేసే చిట్కా ఇనప పలకకి బాగుంటుంది గానీ ఎబొనైట్‌కి పనికిరాదు. వేడికి ఎబొనైట్ మెత్తబడి వంగుతుంది.

విప్పాక పలకని వేడినీళ్లలో కడగొద్దు. పాత ఎబొనైట్ పైపొర ఎండకీ తేమకీ అప్పటికే పాడై ఉంటుంది. వేడినీళ్లు తగలగానే నలుపు పోయి పచ్చగోధుమ రంగుకి తిరుగుతుంది. మెత్తని పొడి బ్రష్షు, మరీ అవసరమైతే చల్లటి నీళ్లలో ముంచి పిండిన గుడ్డ, వెంటనే తుడవడం. అంతే.

కొలతలు, ఫొటోలు తీసుకోండి. హీల్ నుంచి టో దాకా పొడవు, మూడు నాలుగు చోట్ల వెడల్పు, రెండు మరల మధ్య దూరం, మరలు చెక్కలోకి ఏ వాలులో దిగాయో. పొడవు సాధారణంగా 130 మి.మీ. అటూఇటూ ఉంటుంది. చెక్క చివరని కాగితం మీద పెట్టి చుట్టూ సన్నటి పెన్సిలుతో గీసుకోండి. తర్వాత ఈ గీతే మీకు దిక్కు.

నమూనా

మీ పలక మూల మాత్రమే విరిగి ఉంటే అదే నమూనా. పోయిన ముక్కని ఎపాక్సీ పుట్టీతో నింపి, గీతల డిజైన్‌ని సూదితో, చిన్న ఉలితో కొనసాగించండి. పలక పూర్తిగా లేకపోతే అదే కంపెనీ, అదే గ్రేడు, దగ్గరి సంవత్సరాల తుపాకీ ఉన్నవాళ్లని ఒక వారం అరువు అడగాలి. బతిమాలాలి కూడా.

ఎబొనైట్ వందేళ్లలో కొంచెం కుంచించుకుపోతుంది. పాత తుపాకుల్లో పలక అంచు దాటి చెక్క సన్నగా బయటికి కనిపించడం చూసే ఉంటారు. దానికి అచ్చు తీస్తే నకలు ఇంకా చిన్నదవుతుంది, ఎందుకంటే అచ్చుకి వాడే సిలికాన్ కుంచించుకుంటుంది, అందులో పోసే రెసిన్ కూడా కొంత కుంచించుకుంటుంది. 130 మి.మీ. పొడవులో ఒక శాతం అంటే 1.3 మి.మీ., కంటికి కొట్టొచ్చినట్టు కనపడుతుంది. అందుకే నమూనా అంచు చుట్టూ దంతవైద్యులు వాడే గులాబీ రంగు మైనం షీటుని పట్టీలుగా కోసి 1.5 మి.మీ. మందాన అంటిస్తాను. పోత పోశాక అంచు ఎక్కువ వస్తుంది, అరగదీసి చెక్కకి కలుపుకోవచ్చు. అరువు తెచ్చిన పలక అయితే పని అయ్యాక మైనం ఊడదీసి క్షేమంగా తిరిగి ఇచ్చేయొచ్చు.

3డీ స్కాన్ చేసి రెసిన్ ప్రింటర్‌లో నమూనా తీసేవాళ్లూ ఉన్నారు. ఒకటి రెండు శాతం పెంచి ప్రింట్ చేసుకోవడానికి అది బాగుంటుంది. కానీ కుక్క వెంట్రుకల్లాంటి సన్నటి గీతల్లో పొరల మెట్లు కనిపిస్తాయి, చేత్తో దిద్దక తప్పదు.

అచ్చు

ఈ ఒక్క విషయం గుర్తుపెట్టుకుంటే మీకు నా అంత టెన్షన్ ఉండదు. అచ్చుకి వాడే సిలికాన్‌లో రెండు రకాలు ఉంటాయి: ప్లాటినంతో గట్టిపడేది, తగరంతో గట్టిపడేది. గంధకం తగిలితే ప్లాటినం రకం గట్టిపడదు. ఎబొనైట్ నిండా గంధకమే. ఈ సంగతి తెలియక నేను మొదటిసారి ఖరీదైనదే మంచిదనుకుని ప్లాటినం రకం పోశాను. మర్నాడు చూస్తే బయటంతా గట్టిపడింది, పలకని తాకిన చోట మాత్రం బెల్లం పాకంలా జిగట. కుక్క తల గీతల్లోంచి దాన్ని టూత్‌పిక్కులతో తీయడానికి రెండు రాత్రులు పట్టింది. ఆ పలక నాది కాదు, అరువుది. కాబట్టి తగరం రకమే కొనండి.

పలక పైకి సన్నగా తేనెమైనం రాసి మెత్తని గుడ్డతో తుడవండి. మర బెజ్జాలని బంకమట్టితో పూడ్చి మధ్యలో చిన్న గుంట పెట్టండి, నకలు మీద డ్రిల్లు ఎక్కడ పెట్టాలో ఆ గుర్తు చెబుతుంది. సుమారు 160 మి.మీ. పొడవు, 70 మి.మీ. వెడల్పు ఉన్న పెట్టెలో బంకమట్టి పరిచి, పలకని బొమ్మ పైకి ఉండేలా అంచు దాకా అందులో కూర్చోబెట్టండి. పలక వంకరగా ఉంటుంది కనుక మట్టి కూడా ఆ వంకరతోనే నడవాలి. మట్టిలో నాలుగు మూలలా గోళీతో గుంటలు నొక్కండి, రెండు సగాలు ఒకదానిలో ఒకటి కూర్చోవడానికి.

సిలికాన్‌ని తూకం వేసి కలపండి. తగరం రకంలో చాలావాటికి వందకి పది గ్రాముల గట్టిపరిచే ద్రవం, అయినా డబ్బా మీద రాసిందే ప్రమాణం. రెండు సగాలకీ కలిపి దాదాపు అర కిలో పడుతుంది. మొదట బ్రష్షుతో బొమ్మ మీద పల్చగా పూసి, తర్వాత పెట్టె మూల నుంచి దారంలా సన్నటి ధారగా పోయండి. దానంతట అదే పాకుతూ గాలిని ముందుకు నెట్టేస్తుంది. ఒక రోజు వదిలేయండి. మర్నాడు తిరగేసి, మట్టి అంతా తీసి, సిలికాన్ మీద పూర్తిగా వాజలైన్ పూయండి. ఒక చుక్క ప్రదేశం మరిచిపోయినా రెండు సగాలు అతుక్కుని ఒకే దిమ్మ అవుతుంది. వెనక సగం పోసి ఇంకో రోజు ఆగండి.

రెసిన్ పోసే దారి, గాలి పోయే దారి రెండూ టో అంచులోనే కోయండి. టో పైకి ఉండేలా అచ్చుని నిలబెడితే రెసిన్ హీల్ నుంచి పైకి నిండుతూ వస్తుంది. అంచు ఎలాగూ అరగదీసేదే కాబట్టి ఆ మచ్చలు మిగలవు. తగరం సిలికాన్ వారాల తరబడి కుంచించుకుంటూ పోతుంది, అందుకని అచ్చు సిద్ధమైన మూడు నాలుగు రోజుల్లోనే కావలసిన పోతలన్నీ పోసేసుకోండి.

పోత

గట్టి పాలీయూరిథేన్ రెసిన్ నేను వాడేది. ఒక పలకకి 30 గ్రాములు చాలు, దారిలో మిగిలేదానితో కలిపి 45 గ్రాములు కలుపుతాను. నల్ల రంగుతో పాటు సూదిమొనంత గోధుమ రంగు వేయండి. ఉత్త నలుపు పోస్తే కంప్యూటర్ కీబోర్డులా ఉంటుంది. రంగు మొత్తం రెండు మూడు శాతం మించితే రెసిన్ సరిగా గట్టిపడదు.

తేమ ఈ రెసిన్‌కి శత్రువు. గాలిలో నీరెక్కువుంటే నురగలా పొంగుతుంది. కాకినాడలోనో విశాఖలోనో వానాకాలంలో ఈ పని పెట్టుకుంటే ఏసీ గదిలో పెట్టుకోండి, కాగితపు కప్పులు, పుల్లలు వాడకుండా ప్లాస్టిక్ కప్పులు వాడండి. దీని ఆవిరి ఊపిరితిత్తులకి మంచిది కాదు, కిటికీలు తెరిచి, ఆవిరిని ఆపే మాస్కూ గ్లవుజులూ వేసుకోవాలి. ఏసీ, తెరిచిన కిటికీ రెండూ ఒకేసారి ఎలా అంటారా? పోసేటప్పుడు ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేసుకోండి, పోశాక గది వదిలి వెళ్లిపోండి.

అచ్చుని ముందుగా చెయ్యి పెట్టగలిగినంత వేడికి తెచ్చుకోండి. రెండు భాగాలు కలిపిన క్షణం నుంచి మీకు ఐదారు నిమిషాలే ఉంటాయి. బొమ్మ ఉన్న సగంలో బ్రష్షుతో రెసిన్ తడిపి, సగాలు మూసి, చెక్క పలకల మధ్య రబ్బరు బ్యాండ్లతో కట్టి, నిలబెట్టి పోయండి. బ్యాండ్లు మరీ బిగిస్తే అచ్చు నొక్కుకుని పలక పలచబడుతుంది. గాలి దారిలోంచి రెసిన్ పైకి వచ్చాక అచ్చుని రెండు మూడు సార్లు బల్లకి తట్టండి. మొదటి పోతలో బుడగలు వస్తాయి. రెండో దానిలో తగ్గుతాయి. నేను ఎప్పుడూ నాలుగు పోసి ఒకటి ఎంచుకుంటాను. తీసిన పలకని వెంటనే పని చేయకుండా ఒక రోజు చదునైన చోట కాకుండా అచ్చు సగంలోనే పడుకోబెట్టండి, లేకపోతే వంపు మారుతుంది.

బొమ్మ లేని నున్నటి పలక, లేదా అడ్డగీతలు మాత్రమే ఉన్న పలక కావాలంటే పోతే అక్కర్లేదు. పెన్నుల వాళ్లు వాడే ఎబొనైట్ దిమ్మ నుంచి కోసి ఆకురాయితో రూపం తెచ్చుకోవచ్చు. పదార్థం కూడా ఆ కాలందే అవుతుంది. దాన్ని పొడి వేడితో మెత్తబరిచి చెక్క అచ్చు మీద వంచండి. పొడి ఎగరకుండా తడిపి రుద్దండి.

చెక్కకి కూర్చోబెట్టడం

మొత్తం పనిలో నాకు ఇష్టమైన భాగం ఇదే, గంటలు పడుతుంది. చెక్క చివరన పల్చగా కాటుక పూయండి. అవును, కాటుకే. నూనెలో దీపం మసి, అంతకన్నా మంచి గుర్తు పదార్థం నాకు దొరకలేదు. పలకని నొక్కి తీస్తే వెనక వైపు ఎక్కడ తగులుతోందో అక్కడ నల్లగా అంటుతుంది. ఆ నల్ల చోట్లనే బ్లేడుతో గీకండి. మళ్లీ నొక్కండి, మళ్లీ గీకండి. ఇరవై ముప్పై సార్ల తర్వాత అంచు చుట్టూ సన్నటి నల్ల గీత తెగకుండా వస్తుంది. మధ్యలో తగలాల్సిన పని లేదు, అంచు తగిలితే చాలు. అయ్యాక కాటుకని పొడిగుడ్డతో తుడిచేయండి.

కొత్త మర బెజ్జాలు చెక్కలో వేయకండి. పాతవి వదులైపోతే గట్టి చెక్క పుల్లల్ని వజ్రంలో, అంటే మన వడ్రంగులు వాడే జంతు చర్మపు బంకలో ముంచి పూడ్చండి. రేపు ఎవరైనా తీయాలనుకుంటే వేడినీటి తడికి అది వదిలిపోతుంది, ఎపాక్సీ వదలదు. పలకలో బెజ్జం పాత మర ఏ వాలులో వెళ్లిందో అదే వాలులో వేయాలి. లేదంటే మర తల ఒక పక్కకి లేచి నిలబడుతుంది, బిగించిన కొద్దీ పలక పగులుతుంది. మర పంటికి కాస్త తేనెమైనం పూయండి. చేతికి ఆగగానే ఆపేయండి.

బిగించాక చెక్క అంచు చుట్టూ మాస్కింగ్ టేపు రెండు పొరలు వేసి, పలక అంచుని ఆకురాయితో అరగదీయండి. టేపు పై పొర చిరగడం మొదలైతే ఆకురాయి పక్కన పెట్టి, చదునైన చెక్కముక్కకి చుట్టిన 400 నంబరు గరుకు కాగితానికి మారండి. వేలితో పట్టుకుని రుద్దితే అంచు గుండ్రమవుతుంది, పాత ఫ్యాక్టరీ పనిలో ఆ గుండ్రం ఉండదు. చివరికి గోరుతో చెక్క నుంచి పలక మీదకి గీస్తే ఎక్కడా తట్టకూడదు. మర గాడులు రెండూ హీల్ నుంచి టో వైపు ఒకే వరసలో నిలవాలి. అప్పటి పనివాళ్ల అలవాటు అది. గాడి వరసకి కొంచెం ముందే ఆగిపోతే మర తల కింది వైపు ఒక్క రవ్వ అరగదీస్తే వరసకి వస్తుంది.

వయసు ఎంత వేయాలి

తక్కువ. 0000 ఉక్కు నూలుకి చుక్క నూనె వేసి ఒకసారి తుడిస్తే కొత్త మెరుపు పోతుంది. అరుగుదల నిజంగా పడే చోట్లు మూడే: టో మొన, హీల్ మూల, బొమ్మలో ఎత్తుగా ఉన్న భాగం. గాడుల్లో గోధుమ రంగు బూటు పాలిష్ రాసి తుడిచేస్తే దుమ్ము పట్టినట్టు ఉంటుంది. గొలుసుతో కొట్టి గీతలు పెట్టడం లాంటివి చూస్తే నవ్వొస్తుంది, వందేళ్లు ఎవరూ తుపాకీని గొలుసుతో కొట్టలేదు.

ఇత్తడి, కొమ్ము

టోపీ తుపాకీకి ఇత్తడి పలక కావాలంటే నమూనాని ఒకటిన్నర శాతం పెద్దదిగా చేసి ఇసుక అచ్చులో పోత పోయించండి, ఇత్తడి చల్లారేటప్పుడు అంత కుంచించుకుంటుంది. బఫింగ్ చక్రం మీద పెట్టనివ్వకండి. పాత పలకల అంచులు పదునుగా, ముఖం మీద ఆకురాయి వెంట పొడవుగా నడిచిన జాడలతో ఉంటాయి. చక్రం వాటన్నిటినీ సబ్బుబిళ్లలా చేసేస్తుంది.

ఇంగ్లిష్ తుపాకుల కొమ్ము పలకకి గేదె కొమ్ము సరిపోతుంది. ఆంధ్ర సరిహద్దులోని పర్లాకిమిడి కొమ్ము పనికి పేరున్న ఊరు, అక్కడి పనివాళ్లకి కొమ్ముని వేడితో మెత్తబరిచి నొక్కి చదును చేయడం నేర్పనక్కర్లేదు. చదును చేసిన కొమ్ముని వెంటనే కోయకుండా కొన్ని వారాలు బరువు కింద ఆరనివ్వాలి. పచ్చి కొమ్ము బిగించాక మెలితిరుగుతుంది.

నకలు వెనక వైపు, చెక్కకి ఆనే చోట, సంవత్సరం, మీ గుర్తు సూదితో చెక్కండి. ఇది తప్పనిసరి అంటాను. మీరు అమ్మకపోయినా మీ తర్వాత ఎవరో అమ్ముతారు, కొనేవాడికి అది అసలు పలక కాదని తెలియాలి. విరిగిన పాత పలకని పారేయకుండా కాగితంలో చుట్టి, తుపాకీ సీరియల్ నంబరు రాసిన చీటీతో చీకటిగా, పొడిగా ఉన్న చోట దాచండి. వెండి సామాను ఉన్న బీరువాలో మాత్రం వద్దు. దాని గంధకానికి మా ఇంట్లో కుంకుమ భరిణె నల్లబడిపోయి, ఇప్పటికీ ఆ మాట పడుతూనే ఉన్నాను.